తొమ్మిది వేల చుట్లు

మేస్త్రమ్మకి మనుషులంటే పెద్దగా గౌరవం లేదు. ముప్పై ఏళ్ళుగా వాళ్ళు పాడుచేసి తెచ్చిన ఇంజన్లు విప్పుతున్న మనిషికి గౌరవం ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తుంది? రెండేళ్ళు ఆయిలు మార్చకుండా తిప్పి, తీరా ఇంజను పట్టేశాక "పొద్దున్న కూడా బాగానే ఉందండీ, ఉన్నట్టుండి ఆగిపోయింది" అనేవాళ్ళు ఒక రకం. మీటరు పక్కన ఎర్రదీపం నెలరోజులుగా వెలుగుతుంటే, కళ్ళకి ఇబ్బందిగా ఉందని దాని మీద నల్ల టేపు అంటించుకునేవాళ్ళు ఇంకో రకం. ఆవిడ ఎవరి మీదా కేకలెయ్యదు. మాడిపోయిన పిస్టను వాళ్ళ అరచేతిలో పెట్టి, "ఇది మీ నిర్వాకం. తీసుకెళ్ళి షోకేసులో పెట్టుకోండి" అంటుంది. వాళ్ళు ఆ ముక్క మోసుకుంటూ గేటు దాటేదాకా కళ్ళజోడు మీదినుంచి చూస్తూ నిలబడుతుంది.

షెడ్డు తండ్రి కట్టింది. పొడుగాటి రేకుల షెడ్డు, కిటికీ వారగా లేతు మిషను, గోడకి నిలువుగా వేలాడదీసిన క్రాంకు షాఫ్టులు, నట్లూ బోల్టులూ విడివిడిగా పోసిన ట్రేలు. నేలమీద ఆయిలు మరక కనబడితే ఆవిడకి అన్నం సయించదు. ఆ షెడ్డులోనే అక్కాచెల్లెళ్ళిద్దరూ పెరిగారు. అక్కకి చెయ్యి తిరిగింది, చెల్లెలికి చెవి కుదిరింది. బాగుచేసిన బండిని రోడ్డు మీద నడిపి చూడాల్సి వస్తే తండ్రి చిన్నదాన్నే పంపేవాడు. తిరిగొచ్చి "మూడో సిలిండరు నసుగుతోంది నాన్నా" అంటే మూడో సిలిండరే అయ్యేది. తర్వాత చెల్లెలు చదువుకుని, నీళ్ళు పరీక్ష చేసే ప్రయోగశాలలో ఉద్యోగంలో చేరింది. పెళ్ళి చేసుకుంది. ఆ పెళ్ళితో ఈ కుటుంబంలోకి ప్రొఫెసరు వచ్చాడు.

ప్రొఫెసరు అంటే నిజంగా ప్రొఫెసరేం కాదు. కొళాయిలూ షవర్లూ అమ్ముకునే మనిషి. ఆ పేరు మేస్త్రమ్మ పెట్టింది. కార్ల గురించి ఫోన్లో వీడియోలు చేసి నలభై వేలమందికి పాఠాలు చెబుతాడు. బానెట్టు ఎత్తడానికి లాగాల్సిన పిడి ఎక్కడుందో పెళ్ళాన్ని అడిగేవాడు, పిస్టన్ల లోహం గురించి గంటసేపు ఉపన్యాసం దంచేవాడు. మేస్త్రమ్మ ఆ వీడియోలన్నీ ఒక్కటి వదలకుండా చూసేది. నచ్చనివాళ్ళ మాటలు వినడంలో ఉన్న సుఖం అలాంటిది మరి.

ఎనిమిదేళ్ళ కిందట ఆయన ఒక స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఎర్ర రంగు, ఆరు సిలిండర్లు. నిమిషానికి తొమ్మిది వేల చుట్లు తిరిగే ఇంజను. మామూలు కారు ఆరు వేలకే అరిచి గోల పెడుతుంది. ఇది ఆరు వేల దగ్గర గొంతు సవరించుకుంటుంది. అలాంటి బండిని ఆయన గ్యారేజీలో మెత్తటి ముసుగు కప్పి, చుట్టూ తాడు కట్టి పెట్టుకున్నాడు. ఆదివారం ఆదివారం ముసుగు తీసి, ఉన్నచోటే ఏడు నిమిషాలు ఇంజను ఆన్ చేసి, మళ్ళీ ముసుగు కప్పేవాడు. ఎప్పుడైనా బయటికి తీసినా కూరల మార్కెట్టు దాకా వెళ్ళిరావడమే. మూడు వేల చుట్లు దాటనిచ్చేవాడు కాదు.

"ఇంజనుకి పుట్టుకతోనే ఇన్ని చుట్లని రాసిపెట్టి ఉంటుంది," అని కెమెరా వైపు వేలు చూపించి చెప్పేవాడు. "తక్కువ తిప్పితే ఎక్కువ కాలం. ఇలాంటి ఇంజన్లని తొమ్మిది వేల దాకా తొక్కేవాళ్ళు మూర్ఖులు. నా ఇంజను నా మనవలు నడుపుతారు."

కెమెరా పట్టుకునేది చెల్లెలే. ఆ కారు తాళం మాత్రం ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె చేతికి రాలేదు. "నీ కాలు బరువు. రేజ్ చేసేస్తావు," అనేవాడు ప్రొఫెసరు.

మేస్త్రమ్మకి ఆ కారన్నా లోకువే. "నగలాంటి ఇంజను. లక్ష కిలోమీటర్లు దాటిందంటే నా చెవులు కోసిస్తాను," అనేది. ఆవిడ లెక్కలో అన్ని చుట్లు తిరిగేది ఏదీ ఎక్కువకాలం బతకదు. ఆ ఒక్క సంగతిలో తనకీ మరిదికీ అభిప్రాయం కలిసిందని ఎవరైనా అని ఉంటే ఆవిడ ఒప్పుకుని ఉండేది కాదు.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం చెల్లెలు షెడ్డుకి వచ్చింది. ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో గుర్తింపు కార్డు అలాగే ఉంది. సంచీలోంచి నీళ్ళ నమూనాలకి వాడే చిన్న గాజుసీసా తీసి బల్లమీద పెట్టింది. అందులో రెండు చెంచాల ఆయిలు.

"ఆయన కారులోది. ఆయిలు కొలిచే పుల్ల తీసి చూస్తే రంగు తేడాగా అనిపించింది. ఆయిలు పోసే మూత లోపల మీగడలా ఏదో పేరుకుంది. నువ్వొకసారి చూడక్కా."

మేస్త్రమ్మ సీసా మూత తిప్పి వాసన చూసింది. పెట్రోలు గుప్పుమంది. వేళ్ళ మధ్య రాస్తే ఆయిలుకి ఉండాల్సిన జిగురే లేదు. అడుగున నీటి తెర. చూడగానే కథంతా తెలిసిపోయింది. ఏడు నిమిషాల్లో ఇంజన్ని చల్లార్చే నీళ్ళు వేడెక్కుతాయిగాని ఆయిలు వేడెక్కదు. లోపల పట్టిన చెమ్మ ఆవిరి కాదు. చల్లటి ఇంజనులో సగం మండని పెట్రోలు సిలిండరు గోడల వెంట కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. ఆదివారానికి ఏడు నిమిషాల చొప్పున ఆ మనిషి ఇంజనుకి విషం పట్టిస్తున్నాడు. ఇవాళే ఆయిలు మార్చి, బండిని రోజూ గంటసేపు రోడ్డు మీద తిప్పితే ఇంకా బతుకుతుంది.

ఇదంతా చెప్పడానికి అర నిమిషం చాలు. కానీ ఆ ముందు వారమే ప్రొఫెసరు ఒక వీడియోలో, "మా వదినగారికి కూడా షెడ్డు ఉందిలెండి. ట్రాక్టర్లూ అవీ చూస్తారు. ఈ స్థాయి ఇంజన్లు ఆవిడకి అందవు," అని నవ్వాడు. ఆ నవ్వు ఆవిడ చెవుల్లో ఇంకా మోగుతోంది.

"బంగారంలా ఉంది," అంది సీసా మూత బిగిస్తూ. "అయినా నన్నడుగుతావేం? ఇంట్లోనే పండితుణ్ణి పెట్టుకుని!"

చెల్లెలు అక్క మొహంలోకి కాసేపు చూసింది. "నిజంగానా?" అంది. "నిజంగానే," అంది మేస్త్రమ్మ. చెల్లెలు సీసా సంచీలో వేసుకుని వెళ్ళిపోయింది.

ఏడాది తిరిగేసరికి కారు టకటకమనడం మొదలెట్టింది. స్టార్ట్ చెయ్యగానే ఎవరో లోపల్నించి చిన్న సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. ప్రొఫెసరు అది "అసలైన రేసింగ్ ఇంజను లక్షణం" అని వీడియో చేశాడు. దాని కింద ఒకాయన నాలుగు ముక్కలు రాశాడు. 'అది జబ్బు. నా దగ్గరా ఇదే ఇంజను ఉంది. మూడు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ ఒకసారైనా తొమ్మిది వేలు చూస్తుంది. చప్పుడు లేదు.'

ప్రొఫెసరుకి చిర్రెత్తుకొచ్చింది. మీటరు మార్చాడన్నాడు, ఇంజనే మార్చాడన్నాడు, అసలు కారే లేదన్నాడు. చివరికి సవాలు విసిరాడు. రెండు ఇంజన్లూ ఒకేచోట, ఒకేరోజు, లైవ్‌లో పైమూత విప్పి చూపిద్దాం, ఎవరి మాట నిజమో జనమే తేలుస్తారు. ఆయన ఎంచుకున్న చోటు వదినగారి షెడ్డే.

"మీరైతే ఇంటి మనిషి, వదినా. కాస్త మన పరువు చూసి మాట్లాడతారు," అన్నాడు ఫోన్లో.

"అయ్యో, తప్పకుండా మరిదిగారూ," అంది మేస్త్రమ్మ. ఫోను పెట్టేశాక ఆవిడ లేతు మిషనుని రెండోసారి తుడిచింది. అంత ఉత్సాహంగా ఉంది.

ఆ రోజు పొద్దున్నే మొదటి కారు వచ్చింది. మేస్త్రమ్మ చూసి మూతి మూడు వంకర్లు తిప్పింది. అదే మోడలు, అదే ఆకారం, కాని మొత్తం దుమ్ము. ఒక పక్క తలుపు నొక్కుకుపోయింది. పక్క సీట్లో మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు, వెనక మందుల పెట్టె, తాడు చుట్టలు. దిగినాయన పశువుల డాక్టరు. అరవై దాటాయి. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, ఇంజను లోపలికి ఎప్పుడు చెయ్యి పెట్టమన్నా పెట్టేలా ఉన్నాడు.

"ఇదా ఆ మూడు లక్షల బండి?" అంది మేస్త్రమ్మ. "రింగులు ఎన్నిసార్లు మార్చారు?"

"ఒక్కసారీ మార్చలేదమ్మా."

"రాడ్డు బేరింగులు?"

"లక్షా యాభై వేలప్పుడు. ఇంజను కొట్టుకోకముందే మార్పించాను. కొట్టుకున్నాక మార్చి ఏం లాభం? వాల్వుల సందు నలభై వేలకోసారి సరిచూపిస్తాను. ఆయిలు కొంచెం తాగుతుంది. రెండున్నర వేల కిలోమీటర్లకి లీటరు. అందుకే శనివారం శనివారం పుల్ల తీసి చూస్తాను."

"తొమ్మిది వేలకి తొక్కుతారటగా?"

"బయల్దేరగానే తొక్కను. మొదటి ఇరవై నిమిషాలు ముసలివాళ్ళని నడిపించినట్టు నడుపుతాను. ఆయిలు వేడెక్కాక, ఊరి బయట ఎత్తు ఎక్కేచోట వదిలిపెడతాను. అది దానికోసం పుట్టిందే కదా."

మేస్త్రమ్మ పళ్ళు కొరుక్కుంది. కస్టమరు ఒక్కడు సరైన జవాబులు చెబితే ఆవిడకి చిరాకుగా ఉంటుంది. అబద్ధం ఎక్కడుందోనని వెతకడం మొదలెట్టింది. ఇంజను మీద కొట్టిన నంబరు కాగితాల్లో నంబరుతో పోల్చింది. కలిసింది. సీళ్ళు చూసింది, బోల్టుల తలలు చూసింది. అంతా కారుతోపాటు వచ్చినవే.

ఎర్ర కారు ట్రక్కు మీద వచ్చింది. రోడ్డు మీద దుమ్ము పడుతుందని. వెనకే ప్రొఫెసరు కొత్త చొక్కాలో, ఆయన వెనక ఫోను పట్టుకుని చెల్లెలు.

"అందరికీ నమస్కారం," మొదలెట్టాడు ప్రొఫెసరు. "ఎడమవైపు ఆరువేల రెండొందల కిలోమీటర్లు మాత్రమే తిరిగిన పవిత్రమైన ఇంజను. కుడివైపు..." డాక్టరు కారు వైపు చూసి ముక్కు మూసుకున్నాడు. "కుడివైపు పశువుల కొట్టం."

"అవునండీ. పొద్దున్నే ఒక గేదెకి పురుడు పోసి వస్తున్నా," అన్నాడు డాక్టరు మామూలుగా.

ముందు డాక్టరు కారు. మేస్త్రమ్మ ఒక్కో సిలిండరులో ఒత్తిడి కొలిచింది. ముల్లు లేచి ఆగినచోట ఆవిడ కనుబొమలూ లేచాయి. ఆరింటిలోనూ దాదాపు ఒకటే అంకె. మరోసారి కొలిచింది. గేజి పాడైందేమోనని మారుస్తానంది, మార్చి మళ్ళీ కొలిచింది. అదే అంకె. తర్వాత పైమూత విప్పింది. లోపల క్యామ్ షాఫ్టు, దాని మీద వాల్వుల్ని నొక్కే కోడిగుడ్డు ఆకారపు బుడిపెలు వరసగా ఉన్నాయి. తేనెరంగు ఆయిలు తుడిస్తే ఒక్కో బుడిపె అద్దంలా మెరిసింది. అందులో ఆవిడ కళ్ళజోడు కనబడింది.

మూడు లక్షల పన్నెండు వేలు. లక్ష దాటదని అందరికీ చెబుతూ వచ్చిన నోరు మూతపడిపోయింది. చెవులు కోసివ్వమని ఎవరూ అడగలేదు కాబట్టి సరిపోయింది.

"వయసుకి తగ్గట్టుగానే ఉంది," అంది ముక్తసరిగా. అంతకన్నా మంచిమాట ఆ నోట్లోంచి ఆ ఏడాది రాలేదు.

తర్వాత ఎర్ర కారు. ఆరు సిలిండర్లలో నాలుగింటి ఒత్తిడి పర్వాలేదు. రెండింటిలో ముల్లు సగానికి లేచి, అక్కడే చతికిలబడింది. సన్నటి గొట్టం కెమెరా దించి చూస్తే సిలిండరు గోడ మీద తుప్పు చారలు. పైమూత విప్పగానే చెడిపోయిన పెట్రోలు వాసన షెడ్డంతా కొట్టింది. మూత లోపలంతా పసుపుపచ్చని జిడ్డు. చెంచాతో గీకి తియ్యాల్సి వచ్చింది. దాని కింద బుడిపెల మీద మశూచి వచ్చిన మొహంలా గుంటలు.

ప్రొఫెసరు కళ్ళు తేలేశాడు.

"ఇదేంటి? ఇదెలా? నేను ముట్టుకోను కూడా ముట్టుకోలేదే!"

"అదే," అంది మేస్త్రమ్మ. ఎనిమిదేళ్ళుగా దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. "ముట్టుకోలేదు కాబట్టే. ఆదివారం ఆదివారం దీనికి చన్నీళ్ళ స్నానం చేయించి, తుడవకుండా దుప్పటి కప్పారు. తొమ్మిది వేలు తిరిగినందుకు చావలేదండీ ఇది. తిరగనందుకు చచ్చింది. నలభై వేలమందికి పాఠాలు చెప్పే తమరికి ఆయిలు వేడెక్కాలన్న ముక్క తెలియదా? మీకు కారెందుకు, మీ దుకాణంలో షవరు కొనుక్కుని దానికి కప్పాల్సింది ముసుగు."

ఫోను తెర మీద నవ్వు బొమ్మలు వరదలా పైకి పాకుతున్నాయి. ప్రొఫెసరు మొహం మాడిపోయింది. కంపెనీ లోహం నాసిరకమన్నాడు. పెట్రోలులో కల్తీ ఉందన్నాడు. చివరికి పెళ్ళాం వైపు తిరిగి, "ఆపెయ్. ఫోను ఆపు," అన్నాడు.

చెల్లెలు ఆపలేదు. ఫోను బల్లమీద స్పానర్ల డబ్బాకి ఆనించి నిలబెట్టి, ముందుకొచ్చింది.

"అక్కా. పోయినేడు నీకు సీసా తెచ్చిచ్చాను. గుర్తుందా?"

మేస్త్రమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఉంది."

"బంగారంలా ఉందన్నావు. నేను నమ్మాను. ఆ తర్వాత ఏడాదంతా ఆయన అదే పని చేస్తుంటే, అక్క చూసింది కదా, పర్వాలేదని ఊరుకున్నాను. ఇప్పుడు చెప్పు. ఆ రోజు నీకు తెలియలేదా, తెలిసీ చెప్పలేదా?"

తెలియలేదంటే పోయేది. మెకానిక్కులు తప్పుగా అంచనా వెయ్యరా? కానీ అడిగింది ఎవరు? పక్కవీధిలోంచి ఇంజను చప్పుడు విని మూడో సిలిండరని చెప్పగల మనిషి. ఆ మనిషి ముందు తెలియలేదని చెప్పడం కుదరదు.

"తెలిసింది," అంది మేస్త్రమ్మ. "అబద్ధం చెప్పాను."

"విన్నారా! విన్నారా!" ప్రొఫెసరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "సొంత వదినే నా ఇంజన్ని చంపింది!"

ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. పశువుల డాక్టరు చేతులు తుడుచుకుంటూ, గొంతు పెంచకుండా అన్నాడు: "నాకూ నచ్చని రైతులున్నారమ్మా. నీళ్ళు పెట్టడం కూడా చేతకానివాళ్ళు. వాళ్ళమీద కోపంతో గొడ్డు జబ్బు దాచిపెడితే నన్ను డాక్టరంటారా?"

మేస్త్రమ్మ గుడ్డని బల్లమీద పెట్టేసింది. ముప్పై ఏళ్ళుగా అందరి అరచేతుల్లోనూ ముక్కలు పెట్టి పంపిన మనిషి. ఇప్పుడు తన చేతిలో ఎవరూ ఏదీ పెట్టకపోయినా బరువుగా ఉంది. ఆయిలు మార్చని వెధవకైనా తెలియకపోవడమన్న సాకు ఉంది. తనకి అదీ లేదు.

ప్రొఫెసరు ఆ సాయంత్రమే కారు తుక్కుకి అమ్మేస్తానన్నాడు. దాన్ని చూస్తేనే ఒళ్ళు మండుతోందన్నాడు.

"అమ్మరు," అంది చెల్లెలు. "అక్క బాగుచేస్తుంది. ఆ తర్వాత నేను నడుపుతాను."

"నువ్వా? నీ కాలు..."

"నా కాలు బరువే. తెలుసు. తాళం ఇలా ఇవ్వండి."

పద్నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఆ గొంతు విననేలేదు. జేబులోంచి తాళం తీసిచ్చాడు. ఎందుకిచ్చాడో ఆయనకీ తెలియదు.

మేస్త్రమ్మకి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ వేరే బండి ముట్టుకోలేదు. ఇంజను దించి, ముక్క ముక్కా విప్పి, కిరసనాయిల్లో కడిగింది. సిలిండరు గోడలు రుద్ది సాపు చేసింది. క్యామ్ షాఫ్టులు కొత్తవి తెప్పించింది, రింగులు మార్చింది. పని చేస్తుంటే ఆ ఇంజను ఎంత జాగ్రత్తగా కట్టారో చేతికి తెలిసింది. పిస్టన్లు అరచేతిలో పిట్టల్లా తేలిగ్గా ఉన్నాయి. ఒక్క బోల్టులో కూడా అనవసరమైన బరువు లేదు. దీన్ని కట్టినవాళ్ళెవరో తొమ్మిది వేలు తిరిగి కూడా బతకాలనే కట్టారు. నగ అన్నది తనే. ఆ మాట తల్చుకున్నప్పుడల్లా ఒంటరిగా ఉన్నా సిగ్గేసింది.

చెల్లెలు వారానికోసారి వచ్చేది. పనెంతవరకు వచ్చిందో అడిగేది. ఇంకేం మాట్లాడేది కాదు. టీ ఇస్తే "వద్దు, తాగొచ్చా" అనేది. అదే అక్క చేతి టీ కోసం చిన్నప్పుడు పోట్లాడిన మనిషి.

ఇంజను బిగించాక మొదటి పదిహేను వందల కిలోమీటర్లు మెల్లగా నడపాలి. చెల్లెలు రోజూ ప్రయోగశాలకి ఆ కారులోనే వెళ్ళింది. పదిహేను వందలు నిండిన ఆదివారం షెడ్డు ముందు ఆపి, "ఎక్కు," అంది. ఆ ఒక్కమాటే.

ఇరవై ఐదు నిమిషాలు ఊరి బయట మామూలుగా తిప్పింది. ఆయిలు వేడి చూపే ముల్లు మధ్యకొచ్చింది. రోడ్డు ఖాళీగా, ఎత్తుగా, సూటిగా ఉంది. చెల్లెలు గేరు తగ్గించి కాలు నొక్కింది. ఐదు, ఆరు, ఏడు. ఎనిమిది వేల దగ్గర మేస్త్రమ్మ సీటు అంచు పట్టుకుంది. పక్కకి చూసింది. చెల్లెలు రోడ్డునే చూస్తోంది, తల కొంచెం వాల్చి, చెవితో. తొమ్మిది వేలు. ఆ శబ్దం ఎక్కడా చిరగలేదు. గుడ్డని ఒకే వేటున కత్తిరించినట్టు సాఫీగా పైకి వెళ్ళి, గేరు మారగానే కిందికి దిగింది.

"ఏ సిలిండరైనా నసిగిందా?" అంది మేస్త్రమ్మ.

"లేదు," అంది చెల్లెలు. షెడ్డు దగ్గర దింపి వెళ్ళిపోయింది. టీకి ఆగలేదు.

నెల గడిచింది. ఒకరోజు మధ్యాహ్నం మేస్త్రమ్మ అన్నం తింటుంటే ఫోను మోగింది. చెల్లెలి నుంచి ఒక వీడియో. పైన ఒక్క అక్షరం కూడా రాయలేదు. తెరిస్తే ప్రొఫెసరు, కొత్త చొక్కాలో, ఎర్ర కారుకి ఆనుకుని. 'నా ఇంజన్ని నేనెలా బతికించుకున్నాను' అని శీర్షిక.

"ఇలాంటి ఇంజన్లు తిరగాలి," అని కెమెరా వైపు వేలు చూపిస్తున్నాడు. "తిప్పకపోతే చస్తాయి. ఆయిలు వేడెక్కాక తొమ్మిది వేల దాకా తొక్కండి. నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే."

మేస్త్రమ్మకి పొలమారింది. దగ్గీ దగ్గీ కళ్ళనీళ్ళొచ్చాయి. ఎడంచేత్తో చెల్లెలికి ఫోను చేసింది. అవతల ఎత్తగానే ఎవరో నోరు నొక్కుకుని నవ్వుతున్న చప్పుడు. ఈవిడా నవ్వింది. ఇద్దరూ చాలాసేపు అలాగే నవ్వారు.

"మొదట్నుంచీనట," అంది చెల్లెలు ఊపిరి పీల్చుకుని.

"వెధవ," అంది మేస్త్రమ్మ.

"నీ మీద కోపం పోయిందనుకోకు."

"అనుకోవట్లేదే."

"సరే. ఆదివారం వస్తా. టీ పెట్టు," అని చెల్లెలు ఫోను పెట్టేసింది.